గల్లా పైన నా ముఖం

నేను చేసినంత లాభసాటి బేరం నాందేడ్‌లో ఏ చిత్రకారుడూ చేసి ఉండడు. పోయిన మా అన్న బొమ్మ గీయాలి. గీయడానికి ఎదురుగా ఒక మనిషి కూర్చోవాలి. కూలికి పిలిస్తే పూటకింతని ఇవ్వాలి, చాయ్ తాగించాలి, మధ్యలో నడుము పట్టేసిందంటే ఊరుకోవాలి. నేను పైసా ఖర్చు లేకుండా మనిషిని సంపాదించాను. తల తిప్పమంటే తిప్పుతాడు, చెప్పినంతసేపు కదలకుండా ఉంటాడు, నేను చాయ్ తాగితే అతనికీ కడుపు నిండుతుంది. అద్దంలో ఉండే మనిషి. మా అన్నదీ నాదీ ఒకే అచ్చులో పోసిన ముఖం. నా ముఖం గీసి, మీసం కాస్త దట్టం చేసి, కణతల దగ్గర తెలుపు పూస్తే అన్న దిగివస్తాడని లెక్క వేశాను. ఇంత తెలివి ఈ చిన్న తలలో ఎట్లా పట్టిందా అని కాసేపు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

అంతకంటే తెలివితక్కువ పని నా జన్మలో చేయలేదు.

వజీరాబాద్ బజారులో మాది బట్టల దుకాణం. మాది అని రాశాను. ఈ గొడవంతా ఆ మాట దగ్గరే ఉంది కనుక కొట్టివేయకుండా అలాగే ఉంచుతున్నాను. నాన్న పెట్టిన దుకాణం అది, తర్వాత అన్న నడిపాడు. తెలంగాణ సరిహద్దు నుంచి వచ్చే దెగ్లూర్ బస్సు, హిమాయత్‌నగర్ బస్సు దిగిన రైతులు పెళ్లిళ్ల బట్టలకు మా దగ్గరికే వస్తారు, ఎందుకంటే మా దగ్గర తెలుగులో బేరం చేయవచ్చు. నేను మాత్రం బట్టల తానుల మధ్య పెరిగి, మరాఠీ బడిలో డ్రాయింగ్ మాస్టర్నయ్యాను. నాన్న దృష్టిలో అది చదువుకుని చెడిపోవడం. అయినా ముఖాలు చూడటం నాకు నేర్పింది ఏ బడీ కాదు, నాన్నే. ఒకసారి కొనడానికొచ్చిన గిరాకీ ఎవరో పచ్చరంగు తానును చేత్తో నలుపుతూ నిలబడితే నాన్న నా చెవిలో అన్నాడు:

“ఎర్రది గావాలనుకున్నోడు పచ్చదాన్ని పట్టుకుంటడుర. చెయ్యి సూడకు. కండ్లు యాడికి పోతున్నయో సూడు.”

అప్పటినుంచి ఎవరి ముఖం చూసినా ముందు కళ్లు ఎటు పోతున్నాయో వెతకడం నాకు అలవాటైంది. బొమ్మలు గీసేటప్పుడు ఆ అలవాటు పనికొచ్చింది. కూరగాయల బండి దగ్గర ఇంకా బాగా పనికొచ్చింది. గోదావరి అవతలి నుంచి వంకాయలు తెచ్చే ముసలమ్మ నన్ను చూడగానే గంప మీద గుడ్డ కప్పేస్తుంది, అంతటి పేరు నాది.

మా గల్లీలో ఒక పద్ధతి ఉంది. గల్లా అంటే డబ్బు వేసే పెట్టె. దాని వెనక కూర్చునే చోటునూ గల్లా అనే అంటాం. దేవుళ్ల పటాలు వేరే గోడకు ఉంటాయి. గల్లాకు సరిగ్గా పైన మాత్రం దుకాణం నడిపి పోయినవాళ్ల పటం ఉంటుంది. దానికొక దండ, ఒక చిన్న బల్బు. కొత్త గిరాకీ అయినా, సరుకు వేసే వ్యాపారి అయినా గడప దాటగానే ముందు పటాన్ని చూస్తాడు, తర్వాత కింద కూర్చున్న మనిషిని చూస్తాడు. ముక్కు సరిపోయిందా, నుదురు సరిపోయిందా అని. సరిపోతే మాట మొదలవుతుంది, ఉద్దెర, అంటే అరువు, మొదలవుతుంది. లైసెన్సు కాగితం పక్కనే అద్దపు ఫ్రేములో వేలాడుతుంటుంది గానీ దాన్ని చదివినవాణ్ని నేనింతవరకు చూడలేదు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు సరుకు కంటే ముందు తండ్రి పటానికి నకలు తీయించుకుంటారు, ఎవరి గల్లా మీద వాళ్లు పెట్టుకోవడానికి. పటంలో ఉన్న ముఖం కింద ఎవరి ముఖం ఉంటే వాళ్లదే దుకాణం. ఇంత తెలిసినవాణ్ని నేను.

పోయిన వానాకాలం అన్న దుకాణంలోనే కూలబడ్డాడు. చొక్కా గుడ్డ చూపించి, మళ్లీ చుట్టి అరలో పెడుతూ, చెయ్యి పైకెత్తినవాడు ఎత్తినట్టే పడిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికి ఏమీ మిగల్లేదు. వాళ్లకు పిల్లలు లేరు. కర్మలన్నీ అయిన మర్నాడు వదిన షటరు ఎత్తించి, గల్లా మీద కూర్చుంది.

ఆమెకు దుకాణం కొత్త కాదు. ఇన్నేళ్లూ వెనక గదిలో ఉండి ఏ రకం ఎంత మిగిలింది, ఏ ఊరి ఆడవాళ్లు ఏ అంచు అడుగుతారు అన్నది చెప్పింది ఆమే. అన్న ముందు కూర్చుని అదే మాట గొంతు పెంచి చెప్పేవాడు. కానీ మా గల్లీలో బట్టల దుకాణపు గల్లా మీద ఆడమనిషి కూర్చోవడం అదే మొదలు. లోపలికి వచ్చినవాళ్లు ఆమెను చూసి, “శేటు లేడా?” అనేవాళ్లు. అన్న పోయిన సంగతి తెలిసినవాళ్లు కూడా అలాగే అడిగేవాళ్లు. ఎక్కడో ఒక శేటు ఉండే ఉంటాడని వాళ్ల నమ్మకం. నేను బడి అయ్యాక సాయంత్రాలు వచ్చి, సాయానికని, గల్లా పక్కన స్టూలు మీద కూర్చునేవాణ్ని.

ఒకరోజు గిరాకీ పలచబడ్డాక వదిన అడిగింది.

“తమ్మీ, మీ అన్నది ఒక పటం గావాలె. గల్లా మీద కూసోని లోపటికి అచ్చెటోళ్లను సూస్తుండె గదా, గట్ల ఉండాలె.”

“ఫోనుల లేవా వదినె?”

“పెండ్లిల్లల్ల దిగినయి ఉన్నయి. గల్లా మీద కూసున్నోన్ని ఎవలు దీస్తరు ఫోటో?” అని, అసలు సంగతి చెప్పింది. “ఆయన పైనుంచి సూస్తుంటే, ఆయన కింద నేను కూసుంటే, దుకాణం ఎవల్దో నేను నోరిడిచి జెప్పే పనుండదు. సరుకేసెటోళ్లు అడ్వాన్సు అడుగుతున్నరు. మీ అన్నను ఎన్నడన్న అడిగిండ్రా?”

“స్టూడియోవాడు నీలం ఆకాశం పెట్టి, పెదవులకు రంగు గొడ్తడు. నేను గీస్త,” అన్నాను.

“ఎంత దీసుకుంటవు?”

“అన్న బొమ్మకు పైసలా?”

“ఫుకట్‌ల అద్దు తమ్మీ. ఫుకట్‌ల ఇచ్చినోడు ఎనుకనుంచి ఇంకేదో అడుగుతడు.”

“నేనేమడుగుత వదినె?”

“ఏమో. అడిగినంక తెలుస్తది.”

నవ్వేశాను. ధర తర్వాత చూసుకుందాం అన్నాను. ధర తేల్చకుండా పని మొదలుపెట్టినవాడు మా వంశంలో అంతకుముందు లేడు.

మన బొమ్మ మనమే గీసుకోవడం నాకు కొత్త కాదు. చిత్రకారుల్లో చాలామంది ఆ పనికి దిగేది గొప్ప ఆలోచనతో ఏమీ కాదు, ఎదురుగా కూర్చోవడానికి ఇంకెవరూ ఒప్పుకోరు కనుక. కానీ ఒకసారి అద్దం ముందు కూర్చున్నాక, గీసేది ముక్కూ మూతీ ఒక్కటే కాదని తెలుస్తుంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో నేను గీసుకున్న బొమ్మలో మణికట్టుకు గడియారం ఉంది. నాకప్పుడు గడియారం లేదు. నాన్న పోయిన ఏడు గీసుకున్నదాంట్లో ముఖం మూడొంతులు నీడలో ఉంది. వెలుతురు వచ్చేది ఆ ఒక్క కిటికీలోంచే, దానికి వీపు పెట్టి కూర్చోమని నాకెవరూ చెప్పలేదు. గీస్తున్నప్పుడు దుఃఖం గీస్తున్నానని అనుకోలేదు, నీడలు బాగా కుదిరాయని సంబరపడ్డాను.

బడిలో పిల్లలకు చిన్న అద్దాలిచ్చి ఎవరి ముఖం వాళ్లను గీయమంటాను. ఒక అమ్మాయి ముఖం కంటే కమ్మలు పెద్దవిగా గీసింది. కొత్త కమ్మలవి. ఇంకొకడు కాగితం కింది మూలలో బొటనవేలంత తలకాయ గీసి, అంత కాగితమూ ఖాళీగా వదిలేశాడు. ఎందుకురా అంటే, “జాగా సరిపోయింది సర్” అన్నాడు మరాఠీలో. వాడు చెప్పదలుచుకోనిది కాగితం చెప్పేసింది. పెద్ద పెద్ద చిత్రకారుల పుస్తకాలు తిరగేసినా ఇదే. మంచిరోజుల్లో ఒకాయన జరీ తలపాగా పెట్టి తనను తాను జమీందారులా గీసుకుంటాడు. చితికిపోయాక అదే ముఖం, అదే చెయ్యి, అంచులు మాత్రం నాని కారిపోతున్నట్టు ఉంటాయి. తాను అనుకున్నది ఒకటి, కుంచె బయటపెట్టింది ఇంకొకటి.

ఇంకొక చిక్కు ఉంది. తనను తాను గీసుకునేవాడు ఎప్పుడూ కాస్త కోపంగా కనిపిస్తాడు. కోపమేమీ ఉండదు, అది పనిచేసేవాడి చూపు. అద్దంలో ఉన్నవాణ్ని మనం గుచ్చి చూస్తాం, అక్కడున్నవాడు మనల్ని గుచ్చి చూస్తాడు, ఇద్దరిలో ఎవరూ కళ్లు దించరు. దానికితోడు అద్దం పాపిడిని అటుది ఇటు చేస్తుంది. లోకం చూసే మన ముఖాన్ని మనం ఒక్కసారి కూడా చూసి ఉండం. ఇవన్నీ పిల్లలకు నోరు నొప్పిపుట్టేలా చెప్పినవాణ్నే.

ఇంట్లో వెనక గదిలో కిటికీ పక్కన నిలువుటద్దం పెట్టుకున్నాను. అన్న చొక్కా ఒకటి వదిన ఉతికి ఇస్త్రీ చేసి పంపింది, కళ్లజోడు కూడా. చొక్కా భుజాల దగ్గర కుట్టించినట్టు సరిపోయింది. కళ్లజోడు పెట్టుకుంటే అద్దంలో నేనే మసకబారిపోయాను, అన్న నంబరు వేరు. కాబట్టి జోడు తీసి ఒళ్లో పెట్టుకుని, ముఖం చూసి గీసి, తర్వాత జోడు చూసి జోడు గీశాను. అన్న కూర్చున్నట్టు ఒక మోకాలు పైకి మడిచి, ఎడమ చెయ్యి గల్లా మూత మీద ఉన్నట్టు ఒక చిన్న పీట మీద పెట్టి కూర్చున్నాను. లోపలికి ఎవరో వస్తున్నట్టు, నేను తలెత్తి చూస్తున్నట్టు అనుకున్నాను.

ఆ కూర్చోవడం నాకు బాగుంది. ఎంత బాగుందో అప్పుడు ఒప్పుకోలేదు. మీసం ఎప్పుడో అయిపోయింది, కణతల తెలుపూ అయిపోయింది, అయినా బడి నుంచి రాగానే చొక్కా వేసుకుని అద్దం ముందు కూర్చునేవాణ్ని. పీట మీద చెయ్యి పెట్టి, వచ్చేవాళ్లకు ఏ అర చూపించాలి, గోడకు కొత్త రంగు వేయిస్తే ఎట్లా ఉంటుంది, ముందు అద్దాల తలుపు పెట్టిస్తే గిరాకీ పెరుగుతుందా అని ఆలోచిస్తూ ఉండేవాణ్ని. బొమ్మలో మనసు లీనం కావడం అంటే ఇదే అనుకున్నాను.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఒకసారి చూసింది. “బొమ్మ గీస్తున్నరా, అద్దం సూసుకుంటున్నరా?”

“అన్నను గీస్తున్న.”

“బావ గింతసేపు అద్దం ముంగట ఎన్నడు కూసోలే,” అని లోపలికి వెళ్లిపోయింది.

బొమ్మ పూర్తయింది. ఫ్రేము కట్టించి దుకాణానికి పట్టుకుపోయాను. నాన్న పటం పక్కనే, గల్లాకు సరిగ్గా పైన మేకు కొట్టించి తగిలించాం. వదిన చామంతి దండ వేసి, అగరొత్తి వెలిగించి, నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడింది. నేను గడప దగ్గరి నుంచి చూశాను. దూరం నుంచి అచ్చం అన్నే. మీసం అన్నది, జోడు అన్నది, చొక్కా అన్నది.

“మంచిగున్నది,” అంది వదిన. ఆ మాట తర్వాత ఇంకొక మాట వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. వెళ్లి కింద కూర్చుంది.

ఆ సాయంత్రమే దెగ్లూర్ వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది, నాన్న కాలం నాటి గిరాకీ. మనవరాలి పెళ్లికి చీరలు కావాలని చెబుతూ పటం వైపు చూసింది. తర్వాత కింద కూర్చున్న వదినను దాటేసి, స్టూలు మీదున్న నన్ను చూసింది. మళ్లీ పటం, మళ్లీ నన్ను.

“ఇగ సిన్నశేటు సూసుకుంటున్నడన్నమాట దుకాణం,” అంది. “మంచిదాయె బిడ్డా. ఆడిపిల్ల ఎన్నొద్దులు కూసుంటది గట్ల.”

వదిన చీరలు విప్పి పరుస్తూనే ఉంది. నేను, “లేదమ్మా, నేను మాస్టర్ని” అన్నాను గానీ, పెద్దమ్మ నవ్వి, “మాస్టర్లకు దుకాణం అద్దా?” అంది. నేనూ నవ్వాను. ఆ నవ్వులో ఎంత భాగం కాదనడమో, ఎంత భాగం ఔననడమో ఇప్పుడు నేను లెక్క కట్టగలను, అప్పుడు కట్టలేదు.

మరుసటి వారం ఆదివారం. బడి లేదు, పొద్దుటి నుంచీ దుకాణంలోనే ఉన్నాను. సూరత్ సరుకు తెచ్చే ఏజెంటు వచ్చాడు. వదిన ఆర్డరు రాసుకోవడానికి పెన్ను తీసుకుని సిద్ధంగా ఉంది. అతను గడప దాటి, తలెత్తి పటం చూసి, నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

“రామ్ రామ్ మాస్తర్. ఆతా మాలక్ తుమ్హీచ్ నా?” ఇక యజమాని మీరేగా అని.

గుడ్డ ముక్కలు అతికించిన నమూనా అట్ట తీసి నా చేతికిచ్చాడు. వదిన చెయ్యి దగ్గరగా ఉంది, నా చెయ్యి దూరంగా ఉంది. నేను స్టూలు మీది నుంచి లేచి వెళ్లి అందుకున్నాను.

అందుకుని ఊరుకోలేదు. నా బేరం సంగతి చెప్పాను కదా. ఒక ముక్కను గోటితో గీరి, ఇంకొకదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, పెదవి విరిచి, లేచిపోతున్నట్టు నటించి, అతన్ని ఎంతవరకు దించవచ్చో అంతవరకు దించాను. అడ్వాన్సు మాటే ఎత్తనివ్వలేదు. అతను చెమట తుడుచుకుంటూ, “తుమ్హీ తర భావాపేక్షా కడక్,” అన్నాడు, అన్నకంటే గట్టివారు మీరు అని. ఆ పొగడ్త జేబులో వేసుకుని వెనక్కి తిరిగాను, వదిన మెచ్చుకుంటుందని.

ఆమె పెన్నుకు మూత పెట్టేసి ఉంది. అతను గల్లీ మలుపు తిరిగాక తలెత్తకుండానే అంది.

“తమ్మీ, మీ అన్న గిట్ల సూడకపోతుండె.”

“ఎట్ల?”

“పటంల సూడు.”

చూశాను. నాకు అన్నే కనిపించాడు. అదే చెప్పాను.

“ఎవలన్న లోపటికి అస్తే మీ అన్న ముందుగాల కాళ్లు సూస్తుండె. బస్సు దిగి నడిసొచ్చిన కాళ్లా, మోటారు మీదొచ్చిన కాళ్లా అని. కూసుండమంటుండె, నీళ్లియ్యమంటుండె, అటెన్క ముఖం సూస్తుండె. గీయిన...” పటం వైపు చేయి చూపింది. “గీ పటంలున్నాయిన మనిషిని సూస్తలేడు. మనిషి నెత్తి మీదికెల్లి అరలు సూస్తున్నడు. దుకాణంల ఎంత సరుకున్నదో అంచనా గడ్తున్నడు.”

“అద్దంల సూసి గీసిన గద వదినె, చూపు జరంత పైకి పోయింటది. దిద్దుత.”

“దిద్దితే పోయేటిది గాదు. ఇన్నేండ్ల నుంచి నీ ముఖం నాకెర్కలేదా?” గొంతు పెంచలేదు. బట్ట కొలిచేటప్పుడు ఉండే గొంతే. “నీకు దుకాణం గావాల్నా తమ్మీ? గావాలంటే నువ్వు అడుగు. బొమ్మతోని అడిగిపియ్యకు.”

ఏదో ఒక హాస్యం ఆడబోయి మానుకున్నాను. గడప దగ్గరికి నడిచి, గిరాకీలా లోపలికి తిరిగి, పటం చూశాను.

ఆమె చెప్పిందే నిజం. మీసం కింద, జోడు వెనక, నాన్న నాకు చూపించిన ఆ గిరాకీ కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఒకదాని మీద ఉంది, కళ్లు కావలసినదాని మీదికి పోతున్నాయి. ఎడమ చెయ్యి గల్లా మూత మీద గట్టిగా ఆనించి, ఆ చెయ్యి సంగతే తనకు తెలియనట్టు ఎక్కడో అరలు చూస్తున్నాడు. జీవితమంతా పరాయి ముఖాల్లో ఆ చూపును పట్టుకుని ధరలు దించినవాణ్ని, నా చేతులతో నేనే గీసి, ఫ్రేము కట్టించి, దండ వేయించి, వెలుతురు పెట్టించి కూడా గుర్తుపట్టలేకపోయాను. మిగతా ముఖమంతా మార్చాను. కళ్లు మార్చాల్సిన అవసరం లేదనుకున్నాను, ఇద్దరివీ ఒకటేనని.

దుకాణం కావాలని నేనెన్నడూ అనుకోలేదు. అద్దం ముందు కూర్చున్న ఆ సాయంత్రాలన్నీ అనుకుంటూనే ఉన్నాను. ఈ రెండు వాక్యాలూ నిజమే.

“నాకద్దు వదినె,” అన్నాను.

“అద్దంటె మంచిదే,” అంది.

స్టూలెక్కి పటం దించాను. దండ తీసి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని నాన్న పటానికి వేసింది. గోడ మీద కొత్త మేకు ఒక్కటే మిగిలింది.

ఏజెంటు రెండు రోజుల తర్వాత ఆర్డరు మీద సంతకానికి వచ్చాడు. వదిన నన్ను ఫోను చేసి పిలిపించింది, నువ్వు వేసిన ముడి నువ్వే విప్పు అన్నట్టు. అతను లోపలికి వచ్చి, ఖాళీ మేకు చూసి, నన్ను చూశాడు. కాగితం నా వైపు చాపాడు. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

“మాలక్ త్యా ఆహేత్,” అన్నాను. “త్యాంనా విచారా.” యజమాని ఆమె, ఆమెను అడగండి.

అతను నవ్వాడు, నేనేదో కొత్త రకం బేరం ఆడుతున్నానని. నేను నవ్వకపోయేసరికి ఇబ్బందిగా ఆమె వైపు తిరిగాడు.

“బసా భావూ,” కూర్చోండన్నా అని వదిన మంచినీళ్లు తెప్పించింది. నేను ఒప్పుకున్న సరుకులో సగం కొట్టేసింది. మెరిసే చొక్కా గుడ్డలు మా రైతులు కొనరని నాకు తెలియదు, ఆమెకు తెలుసు. సరుకు తగ్గిందని అతను ధర పెంచాడు. నాకిచ్చిన తగ్గింపు ఆమెకు ఇవ్వలేదు. కొంత అడ్వాన్సు కూడా కావాలన్నాడు. ఇంకొక్క మాట అంటే దిగుతాడని అతని కనుబొమలే చెబుతున్నాయి, నాకు కనిపిస్తోంది. నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి గల్లీలో పోతున్న ఆటోలను చూస్తూ నిలబడ్డాను. వదిన కాసేపు ఆలోచించి, సరేనని సంతకం పెట్టింది. అతను వెళ్తూ వెళ్తూ, “యేతో వహినీ,” వస్తా వదినా, అని ఆమెకు చెప్పి వెళ్లాడు. నాకు చెప్పలేదు.

నష్టానికి కొన్నదని ఇప్పటికీ అంటాను. ఆ నష్టం ఆమెది, పెట్టడానికి ఆమెకు హక్కుంది.

బొమ్మ ఇంటికి తెచ్చి ఫ్రేములోంచి విప్పాను. మీసం గీకేశాను. కణతల తెలుపు చాలావరకు ఉంచేశాను, చూస్తే నాకూ అంతే వచ్చి ఉంది. జోడు తీసేశాను. అన్న చొక్కా రంగు మార్చి, నేను బడికి వేసుకునే చారల చొక్కా వేశాను. కళ్లు ముట్టుకోలేదు. గల్లా మూత మీది చెయ్యి కూడా అలాగే ఉంచాను. ఎవరైనా అడిగితే ఎవరి గల్లా అది అని, వదినదని చెప్పాలి. నా ముఖాన్ని నేను ఇన్నిసార్లు గీసుకున్నాను గానీ, నాలాగా ఉన్నది ఇదొక్కటే. మా ఆవిడ హాల్లో పెట్టనివ్వలేదు. “అచ్చెటి సుట్టాలు బెదురుతరు, మన బంగారం తూకం ఏస్తున్నట్టు సూస్తున్నడు,” అంది. వెనక గదిలోనే ఉంది.

వదిన తన ఫోనులో ఉన్న ఒక పెళ్లి ఫోటో స్టూడియోకిచ్చి పెద్దది చేయించింది. నీలం ఆకాశమే పెట్టాడు వాడు, పెదవులకు రంగూ కొట్టాడు. అన్న ఎవరి మాటకో పగలబడి నవ్వుతున్నాడు, తలపాగా పక్కకు జారిపోయి ఉంది. గల్లా మీద ఏనాడూ అలా నవ్వలేదు. అయినా లోపలికి వచ్చినవాళ్లు అది చూసి, “అరే, శేటు!” అని ఒక క్షణం ఆగి, కింద కూర్చున్న ఆమెకు నమస్కారం పెడుతున్నారు. అందరూ కాదు, కొందరు. ముక్కులు కలవకపోయినా. మిగతావాళ్లు ఇంకా శేటు లేడా అనే అడుగుతున్నారు. “నేనే,” అంటోంది ఆమె.

ఆ ఫోటో తగిలించేముందు, కొలత కుదిరిందని నా దగ్గరున్న ఫ్రేము అడిగింది. తీసుకెళ్లి ఇచ్చాను. పైసలు వద్దన్నాను. “బిల్లు రాయి,” అంది. ఆమె దుకాణంలోకి వచ్చే ఏ సరుకుకైనా బిల్లు ఉండాలి. స్టూలు మీద కూర్చుని తెల్లకాగితం మీద రాశాను. వడ్రంగి వెయ్యి చెబితే ఆరు వందల యాభైకి దించి చేయించాను. వెయ్యి రాసుకోవచ్చు, వంద రాసి మంచివాణ్ననిపించుకోవచ్చు. ఆరు వందల యాభై రాశాను. ఆమె ఫ్రేము మూలలు చేత్తో కదిపి చూసింది.

“బేరం జేసినవా?”

“జేసిన.”

“అందుకే కీళ్లు ఊగుతున్నయి. మేకులు కొట్టించాలె. యాభై దియ్యి.”

కొట్టేసి ఆరు వందలు చేశాను. ఆమె లెక్కపెట్టి ఇచ్చింది, నేను కింద సంతకం పెట్టాను, కాగితాన్ని మిగతా వ్యాపారుల బిల్లులతోపాటు తీగకు గుచ్చింది. ఫ్రేము ఒకటి, ఆరు వందలు. కాన్వాసూ, రంగులూ, టర్పెంటైన్ మరక పడి పాడైన అన్న చొక్కా, అద్దంలో చూసుకున్న ఆ సాయంత్రాలూ బిల్లులో రాయలేదు. అవి ఆమె కొన్నవి కావు. నేను కొనుక్కున్నవి, వాటికి అడిగినంతా ఇచ్చాను.